పన్నెండేళ్ళదా, ఇరవయ్యేళ్ళదా

నా ఉద్యోగం అన్నం రుచి చూడటం. నంద్యాలలో ఒక రైసు మిల్లువాళ్ళ ల్యాబులో ఇరవయ్యేళ్ళకు పైగా ఇదే పని చేస్తున్నాను. కొత్త బియ్యం, ఏడాది నిల్వ ఉంచినవి, మూడేళ్ళవి, అన్నీ విడివిడిగా వండి తెల్ల గిన్నెల్లో మా ముందు పెడతారు. గిన్నె మీద ఒక అంకె తప్ప ఇంకేమీ రాసి ఉండదు. వాసన, మెత్తదనం, మింగాక నోట్లో మిగిలేది, వీటికి మేం మార్కులు వేయాలి. రుచి చూసే రోజుల్లో పొద్దున్నే కాఫీ తాగను, ఉల్లిపాయ ముట్టను. మిల్లులో నా మాట మీద బస్తాలు కదులుతాయి.

ఇంట్లో మాత్రం మా ఆయనకు ఏం పెట్టినా ఒకటే మాట. "బాగుంది." ఒకసారి పప్పులో ఉప్పు వేయడం మరిచిపోయాను. బాగుందన్నాడు. పెళ్ళయిన కొత్తలో అది మంచితనమనుకున్నాను. తర్వాత తర్వాత ఈ మనిషికి నాలుకే లేదని తేల్చుకుని, ఆ సంగతి మరిచిపోయి బతికాను.

ఆయన ఆళ్లగడ్డలో కాలేజీ లెక్చరరు. రోజూ నంద్యాల నుంచి బస్సులో పోయి వస్తాడు. కాలేజీకి ఒక శిలాఫలకం చెక్కించే పని మీద అక్కడి శిల్పుల్లో ఒక పెద్దాయనతో పరిచయమైంది. ఆ పెద్దాయన చెక్కిన విగ్రహాలు పరదేశాల్లో కట్టే గుళ్ళకు పోతాయి. వాటిని చూసుకోవడానికి వచ్చేవాళ్ళు ఆయనకు సీసాలు తెచ్చి ఇస్తారు. "దేవుణ్ణి తీస్కపోతా నాకు ఇది ఇచ్చిపోతారు" అని ఆయన నవ్వేవాడట. అలా నెలకొక ఆదివారం ఆ ఇంటి వసారాలో కూర్చోవడం మొదలైంది.

మాది చర్చి సంఘంలో పెద్దరికం చేసిన ఇల్లు. మా నాయన బడిపంతులు. మా ఇంటి గడప లోపలికి సీసా అన్నది ఎన్నడూ రాలేదు. అయినా మా ఆయన ఆదివారం ఆరాధన ముగిశాక వెళ్ళి, రెండు చిన్న పెగ్గులు తాగి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేవాడు. నేను ఒక్కటే అన్నాను, ఇంటికి తేవద్దని. తాగుడు మీద నాకు పెద్ద కోపం రాలేదు. ఆయన అందులో ఏదో చదువు చదువుతున్నట్టు ఉండేవాడు.

"ఇది బర్బన్ అని, విస్కీల్లో వేరే రకం" అని ఒకరోజు బట్టలు మడత పెడుతుంటే చెప్పాడు. "మొక్కజొన్నతో చేస్తారు. లోపల కాల్చిన కొత్త చెక్క పీపాల్లో పోసి ఏండ్ల తరబడి అట్లే పెడతారు. ఆ చెక్కలోంచే రంగు, రుచి అంతా."

"మొక్కజొన్నా?" అన్నాను. శిరివెళ్ల దాటితే రోడ్డుకు రెండు పక్కలా ఎండబోసే మొక్కజొన్నే నాకు తెలుసు. అంతకుమించి అడగలేదు.

పోయిన ఏడాది ఆ పెద్దాయన భార్య మమ్మల్నిద్దరినీ భోజనానికి పిలిచింది. సంగటి, నాటుకోడి. మగవాళ్ళు వసారాలో కూర్చుంటే నేను వంటింట్లో ఆమెకు సాయంగా ఉన్నాను. ఉన్నట్టుండి బయటి నుంచి ఒక ఆడగొంతు వినబడింది.

"సార్, ఇది విస్కీ కాదు, బల్లకు పూసే వార్నిషు. చెక్క తప్ప ఇంకేమీ ల్యా దీంట్లో."

"యాడ మేడం!" ఇది మా ఆయన గొంతు. "నిదానంగా నోట్లో పెట్టుకోని చూడండి. ముందు చేదు వస్తాది, నిజమే. దాని ఎనకాల ఎండు ఖర్జూరం వస్తాది. పాత పుస్తకం తెరిస్తే వచ్చే వాసన వస్తాది."

"పాత పుస్తకం తాగేదానికా సార్ మనం వచ్చింది?"

"నేనొప్పుకోను. ఇరవయ్యేండ్లు పీపాలో ఉండింది అంత తేలిగ్గా దొరకదు. పన్నెండేండ్లదానికి ఆ లోతు యాడుంటాది?"

నేను గరిటె పట్టుకుని అలాగే నిలబడ్డాను. మా ఆయన వాదిస్తున్నాడు. ఒక రుచి గురించి, గొంతు పెంచి, నవ్వుతూ, ఎదుటి మనిషి మాటకు మాట చెబుతూ. ఉప్పు లేని పప్పు తిన్న మనిషి ఖర్జూరం అంటున్నాడు, పుస్తకం అంటున్నాడు.

పెద్దాయన భార్య నా మొహం చూసి, "నెలనెలా ఇంతే మే. ఆ డాక్టరమ్మ పన్నెండేండ్లది బాగుందంటాది, మీ ఆయన ఇరవయ్యేండ్లదంటాడు. నా మొగుడు ఏదైనా సరే పొయ్యమంటాడు" అంది.

"ఏ డాక్టరమ్మ?"

"పశువుల డాక్టరమ్మ. నీకు తెలీదా?"

తెలియదు. భోజనాల దగ్గర చూశాను. నలభై దాటిన మనిషి. అనంతపురం వైపు నుంచి బదిలీ మీద వచ్చిందట, భర్తది రైల్వే ఉద్యోగం, ఎక్కడో దూరంగా ఉంటాడట. పెద్ద చేతులు, గరుకు వేళ్ళు. అడ్డం తిరిగిన దూడను లోపల చెయ్యి పెట్టి బయటికి తీసే చేతులవి. అందగత్తె కాదు. అందగత్తె అయ్యుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. అప్పుడు నా అసూయ మామూలు అసూయ అయ్యేది, దానికి ఏం చేయాలో అందరికీ తెలిసినట్టే నాకూ తెలిసేది.

బస్సులో అడిగాను. "ఆ డాక్టరమ్మ ఎప్పట్నుంచి వస్తాంది?"

"సంవత్సరం అయింటాదేమో."

"నాతో చెప్పలేదే."

"ఏముందిలే చెప్పేదానికి" అని ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆ వారమే ఆయన నోటు పుస్తకం నా కంటబడింది. కాలేజీ సంచిలో టిఫిన్ డబ్బా కోసం వెతుకుతుంటే దొరికింది. ప్రతి పేజీలోనూ ఒక సీసా సంగతి, దాని వయసు, కింద గీత గీసి రెండు వరసలు. ఎడమ పక్క ఆయన మాట, కుడి పక్క "మేడం" మాట. "ముదిరిన పాకం, తోలు, ఎండు ఖర్జూరం" అని ఇటు. "కరక్కాయ నమిలినట్టుంది, పళ్ళు పట్టేస్తున్నాయి" అని అటు. ఆమె అన్నది ఒక్క ముక్క వదలకుండా, ఆమె యాసతో సహా రాసుకున్నాడు. నేను పేజీలన్నీ తిప్పాను. ఎక్కడైనా నా ప్రస్తావన ఉందేమో అని చూశానని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది.

భోజనానికి వెళ్ళిన ఆ ఆదివారమే ఆయన నా మాట దాటి ఇంటికి రెండు చిన్న దగ్గుమందు సీసాలు తెచ్చుకున్నాడని కూడా అందులోనే తెలిసింది. ఒకదాంట్లో పన్నెండేళ్ళది, ఇంకోదాంట్లో ఇరవయ్యేళ్ళది. పెద్దాయన దగ్గర అసలు సీసాలు రెండూ అయిపోయాయి. చివరి చుక్కలు వీటిలో పోసుకుని, వచ్చే నెల డాక్టరమ్మ ముందు పక్కపక్కన పెట్టి వాదన తేల్చాలని ఆయన ఆలోచన. అల్మారాలో పెళ్ళి ఆల్బం వెనకాల దొరికాయి. మూతల మీద ప్లాస్టరు ముక్క, దాని మీద ఆయన గుండ్రటి చేతిరాత.

బుధవారం మిల్లులో మిషను మరమ్మతు అని సెలవిచ్చారు. పదకొండు గంటలప్పుడు తలుపు గడియ పెట్టి, రెండు స్టీలు గిన్నెలు తీసుకుని వంటింట్లో కూర్చున్నాను. నా జన్మలో అది మొదటిసారి. ల్యాబులో చేసినట్టే చేశాను. ముందు వాసన. తర్వాత నాలుక మీద ఒక చుక్క. మొదటి గుక్కకు గొంతు మండి కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి, సింకులో ఉమ్మేశాను. రెండోసారి మంటను పక్కన పెట్టి దాని వెనకాల ఏముందో చూడటం తెలిసింది.

పన్నెండేళ్ళదాంట్లో బొగ్గుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు ఉంది. దాని మీద తీగపాకానికి వచ్చిన బెల్లం. పిల్లల కోసం చేసే కస్టర్డు వాసన కూడా కొంచెం. నాకు నచ్చింది. ఇరవయ్యేళ్ళదాంట్లో మొదట బ్రహ్మాండమైన వాసన వచ్చింది, ఆ తర్వాత వడ్రంగి కొట్టులో నోరు తెరుచుకుని నిలబడ్డట్టు అయింది. నిల్వ ఎక్కువై బస్తా వాసన పట్టిన బియ్యం లాగా. ఎంతసేపు ఆగినా ఖర్జూరం రాలేదు.

ఆమె చెప్పిందే నిజం. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె తప్పని తేలాలని నేను గడియ పెట్టుకుని కూర్చున్నాను. మళ్ళీ తాగి చూశాను. మళ్ళీ అంతే. ఆ ఉడుకులో పన్నెండేళ్ళది ఇంకో రెండు మూతలు పోసుకున్నాను. అది పరీక్ష కోసం కాదు, బాగుందని.

చూస్తే సీసాలో సగం కూడా లేదు. కుళాయి తిప్పి నీళ్ళు కలిపాను. రంగు కొంచెం పలచబడింది. ముదురు రంగు సీసా కాబట్టి తెలియదులే అనుకున్నాను.

తర్వాతి నెల "నేనూ వస్తా" అన్నాను. ఆయన ఆశ్చర్యపోయాడు. "బస్సులో ఎండకు యాడికి వస్తావ్?" అన్నాడు. వెళ్ళాను. ఈసారి వంటింట్లోకి పోకుండా మజ్జిగ గ్లాసు పట్టుకుని వసారాలోనే కూర్చున్నాను. పెద్దాయన కుర్చీ దగ్గరికి లాగి, "రామ్మా, అయ్యోరు ఈ పొద్దు గెలుస్తాడంట, చూద్దువు" అన్నాడు.

మా ఆయన ముగ్గురికీ రెండేసి చిన్న గ్లాసుల్లో పోశాడు. ఆయనా, డాక్టరమ్మా వాసన చూశారు, తాగారు. నేను డాక్టరమ్మ మొహమే చూస్తున్నాను. ఆమె పన్నెండేళ్ళది నోట్లో పెట్టుకుని ఆగింది. మళ్ళీ ఒక గుక్క తాగింది. కనుబొమలు దగ్గరికి వచ్చాయి.

"ఏం మేడం?" మా ఆయన ముందుకు వంగాడు. "పలచగా ల్యా? నేను మొదట్నుంచీ చెప్తాండా. పెద్దదాని పక్కన పెట్టి చూస్తే దీంట్లో సరుకు లేదని తెలుస్తాది."

"పలచగానే ఉంది సార్" అంది ఆమె మెల్లగా. "పోయిన నెల ఇట్ల లేదే."

"సీసా అదే, మందు అదే. మారింది మీరు."

పెద్దాయన రెండూ గటగటా తాగి, "రెండూ గొంతు దిగినాయి, నాకంతే" అన్నాడు. అందరూ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. గ్లాసు మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుంది.

"నా నాలికకే ఏమో అయింది" అంది. "కరోనా వచ్చినప్పుడు మూడు నెల్లు నాకు వాసన అనేది లేకుండా పోయింది సార్. మళ్ళీ అట్లేమన్నా అయితాందేమో."

నేను మజ్జిగ తాగుతూ కూర్చున్నాను. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడి కాదు. ఆమె గ్లాసు కింద పెట్టేసి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే చూడటానికి నాకు హాయిగా ఉండింది. ఆ సాయంత్రం బస్సులో మా ఆయన దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. నేను కిటికీ పక్క సీటు ఆయనకే ఇచ్చాను.

పై నెల ఆయన ఆళ్లగడ్డ పోయి తొందరగా తిరిగొచ్చాడు. "మేడం రాలా" అన్నాడు. "ఇంక రానన్నదంట. రుచి తెలీనప్పుడు మంచి మందు వృథా చేసేదెందుకు అన్నదంట."

ఆ మాట నాకు గుచ్చుకుంది. మా ల్యాబులో నాకంటే పెద్దావిడ ఒకామె ఉండేది. ఏదో మాత్రలు వాడి నాలుక మొద్దుబారింది. ఆమె గిన్నెల ముందు కూర్చుని చెంచా ఎత్తి దించి, ఎత్తి దించి, పక్కవాళ్ళ కాగితంలోకి తొంగిచూసేది. ఆ చూపు నేను మరిచిపోలేను. బాగున్న డాక్టరమ్మ నాలుకను పట్టుకుని నేను ఆ గతికి తెచ్చాను. ఆమె మీద నాకున్న కడుపుమంట తగ్గలేదు కానీ, వారం రోజులు అన్నానికి వేసిన మార్కులు కొట్టేసి మళ్ళీ మళ్ళీ వేశాను.

ఒక శుక్రవారం సెలవు పెట్టి ఒక్కదాన్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను. పశువుల ఆసుపత్రి దగ్గర నాలుగు బర్రెలు, కడుపుబ్బిన మేకను పట్టుకున్న ఒక ముసలాయన ఉన్నారు. డాక్టరమ్మ నన్ను చూసి, "ఏందక్కా, ఇట్ల వచ్చినావ్? సారుకు బాగుందా?" అంది.

"బాగున్నాడు. నీతోనే పనుండి వచ్చినా." ఆగితే చెప్పలేనని అక్కడే చెప్పేశాను. "ఆ పన్నెండేండ్లదాంట్లో నీళ్ళు కలిపింది నేను."

చేతులు తుడుచుకుంటున్న గుడ్డ ఆగింది. "ఏందీ?"

"ఇంట్లో దొంగతనంగా తాగి చూసినా. బాగుండింది, ఇంకొంచెం తాగినా. తెలిసిపోతాదని నీళ్ళు పోసినా. ఆ పొద్దు నువ్వు కనిపెట్టినావని నాకు తెలుసు. నోరు తెరవలా."

"ఎందుకు?"

"నువ్వు ఓడిపోతాంటే బాగుండింది."

ఆమె గుడ్డను బల్ల మీద పడేసింది. "నెల పైనుంచి పొద్దున లేస్తూనే కాఫీ పొడి డబ్బా మూత తీసి వాసన చూస్తాండా అక్కా" అంది. "ఉందా, పోయిందా అని. కర్నూలు పోయి ముక్కు డాక్టరుకు కూడా చూపిచ్చుకొస్తి." ఇంకేమీ అనకుండా మేక దగ్గరికి వెళ్ళిపోయింది.

నేను బెంచీ మీద కూర్చున్నాను. లేచి వెళ్ళిపోవచ్చు. పోలేదు. ఆమె మేక కడుపులోకి గొట్టం వేసి గాలి తీసింది, ముసలాయన్ని రెండు తిట్లు తిట్టింది, రెండు బర్రెలకు సూదులు వేసింది. అన్నీ అయ్యాక చేతులు కడుక్కుని వచ్చి నా పక్కన కూర్చుంది.

"ఎట్లుండింది?" అంది.

"ఏంది?"

"పన్నెండేండ్లది. తాగినావు కదా. ఎట్లుండింది?"

నన్ను ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు. మిల్లులో మార్కులు అడుగుతారు. నేను కాల్చిన పొత్తు గురించి, తీగపాకం గురించి, కస్టర్డు గురించి చెప్పాను. పెద్దదాంట్లో బస్తా వాసన గురించి చెప్పాను. ఆమె తొడ మీద చరిచి, "అదే కదా నేను మొత్తుకునేది! బస్తా! ఆ మాట నాకు తట్టలా" అంది. తర్వాత కళ్ళు చికిలించి, "చిట్టచివర్న పుదీనా మాదిరి సల్లగా వచ్చిందా నీకు?" అని అడిగింది.

రాలేదు. ఎంత గుర్తు చేసుకున్నా రాలేదు. వచ్చిందని అబద్ధం చెబుదామనిపించింది. "లేదు" అన్నాను. ఆమె క్షమించినందుకు సంతోషపడాల్సిన సమయంలో నాకు అందని ఆ పుదీనా కోసం లోపల రగిలిపోతూ ఇంటికొచ్చాను.

రాత్రి వరకు ఆగకుండా, ఆయన కాలేజీ నుంచి రాగానే అంతా చెప్పాను. ఆయన చెప్పులు కూడా విప్పకుండా విన్నాడు.

"నీళ్ళు కలిపితే కలిపినావులే" అన్నాడు చివరికి. "తాగి, రుచి తెలుసుకోని, నాకంటే ముందు పోయి ఆమెకు చెప్పినావా?"

"నువ్వెప్పుడన్నా అడిగినావా?"

"నువ్వు తాగుతావని నేను కలగంటినా?" ఆయన చెప్పులు విప్పి ఒక పక్కకు నెట్టాడు. "మనింట్లోనే ఇంత నాలిక పెట్టుకోని నేను ఆళ్లగడ్డ దాకా పోయి వాదిస్తాండా."

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు కంచం ముందు కూర్చుని, నా వైపు చూడకుండా, "అన్నం రోంత మెత్తగా అయింది" అన్నాడు. నిజమే, అయింది. నాకు కోపం వచ్చింది కూడా.

ఆ తర్వాత నెలనెలా ఇద్దరం కలిసే వెళ్ళేవాళ్ళం. డాక్టరమ్మ మళ్ళీ వచ్చింది. నాకు ఒక మూతెడు చాలు. రుచుల్లో ఎవరి దారి వాళ్ళదే. పెద్దాయన చిన్నప్పటి నుంచి రాతిపొడి పీల్చిన మనిషి, ఘాటు తప్ప మిగతాది ఆయనకు అందదు, అందుకే ఎంత ఘాటుంటే అంత మంచిది. మా ఆయన ఇరవయ్యేళ్ళ పైబడినదాన్ని వదల్లేదు. "అన్నేండ్లు ఎవరో ఓపిక పట్టినారు కదా, ఆ ఓపిక రుచి తెలుస్తాది" అనేవాడు. "ఓపికకు రుచేంది సార్, చెక్కకుంటాది గానీ" అనేది డాక్టరమ్మ. వాళ్ళిద్దరూ మొదలుపెడితే నాకు పాత మంట పైకి లేచేది. నేనూ మధ్యలో దూరేదాన్ని. నేను ఏదైనా మంచి మాట చెప్పి ఆమె మెచ్చుకుంటే, మా ఆయన మొహం వాడిపోవడం కూడా చూశాను. చూసి ఊరుకున్నాను.

ఈ ఏడాది ఆమెకు బదిలీ వచ్చింది. కోస్తా వైపు. ఆ మాట వినగానే సంతోషపడ్డాను, దాచను. వెళ్ళేముందు నంద్యాలలో మా ఇంటికి వచ్చి, తను వేరే తెప్పించుకుని దాచుకున్న పన్నెండేళ్ళ సీసా, సగం మిగిలినదాన్ని, నా చేతికిచ్చింది. మా ఆయన పక్కనే నిలబడి ఉన్నాడు. "సారుకు ఇది నచ్చదు కదా, అక్కకిచ్చిపోతా" అంది. ఆయన నవ్వాడు గానీ, టీ కప్పులు తీసుకెళ్ళే నెపంతో లోపలికి వెళ్ళిపోయాడు. మా నాయన బతికుంటే గడప దాటనిచ్చేవాడు కాదు ఆ సీసాను. నేను బియ్యం డబ్బాల పక్కన పెట్టుకున్నాను.

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి తాళం తీస్తుంటే ఫోను మోగింది. డాక్టరమ్మ. కొత్త ఊళ్ళో గాలంతా ఉప్పగా ఉందని, ఏం తాగినా ఉప్పే తగులుతోందని చెప్పింది. మా ఆయన నా వెనకాలే నిలబడ్డాడు.

"ఏమంటాంది?" అన్నాడు.

"ఏం లేదు."

"నన్నడిగిందా?"

నేను చెప్పకుండా ఫోను చెవికి ఆనించుకుని మిద్దె మెట్లెక్కాను. నిజానికి ఆమె అప్పటికే, "ఉంటానక్కా, సారుకు చెప్పు" అనేసింది. ఆమెను ఆపి, అక్కడ బియ్యం ఎట్లున్నాయని, వాన పడుతోందా అని, ఏవో అడుగుతూ ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడాను.